మంచు లేనిచోట మంచుజోళ్ళు

అవసరం తీరిపోయిన పనిముట్టును పారవేయకుండా మనిషి దానితో ఆడుకోవటం మొదలుపెడితే, ఆ ఆటకు విలువ కట్టటం ఎట్లా? ఆడుకోవటానికి కావలసిన నేల కూడా ఏటేటా కరిగిపోతూ ఉంటే, అప్పటికీ ఆ ఆటను పట్టుకుని వేలాడే మనిషిని ఏమనాలి? వెర్రి అనవచ్చు, విలాసమనవచ్చు, హక్కు అని కూడా అనవచ్చు. ఈ మూడు మాటలూ మా కాలేజీ అధ్యాపకుల గదిలో ఒకే మధ్యాహ్నం ఒకే విషయాన్ని గురించి వినపడ్డాయి. మూడింటిలోనూ కొంత నిజమున్నది. అయితే మూడూ అసలు విషయాన్ని తాకలేదని నా అభిప్రాయం.

విషయం చూడటానికి చాలా చిన్నది. నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకుని, ఆ పైన కంప్యూటరు చదువు చదివి, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి, తాను స్నోషూయింగ్ అనే వ్యాపకం పెట్టుకున్నానని రాసింది. స్నోషూలంటే మంచు మీద నడవటానికి బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి జోళ్ళు. మనం మంచుజోళ్ళు అందాం. మెత్తని లోతైన మంచులో మామూలు బూటు వేసుకున్న కాలు మోకాలిదాకా దిగబడుతుంది. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే ఊబిలోంచి పెరుక్కున్నట్టు పెరుక్కోవాలి. మంచుజోడు మనిషి బరువును తగ్గించదు. ఆ బరువు పడే వైశాల్యాన్ని నాలుగయిదింతలు చేస్తుంది. అందుచేత మంచు మనిషిని మోస్తుంది. ఇంతకు మించిన రహస్యం దానిలో లేదు. ఇప్పటివాటికి అల్యూమినియం చట్రం, ప్లాస్టిక్ అడుగు, జారకుండా కింద లోహపు పళ్ళు ఉంటాయి.

కాని జానెడు మంచయినా లేకపోతే ఈ జోళ్ళతో పనిలేదు, మామూలు బూట్లే చాలు. పైగా పలచని మంచులో వీటి పళ్ళు రాళ్ళకు తగిలి అరుగుతాయి, చెట్లవేళ్ళను గీరుతాయి. ఆ అమ్మాయి ఉంటున్న ప్రాంతంలోనేమో మంచుకు కరువొచ్చింది. ఆ పక్కనే ఉన్న న్యూయార్కు నగరం సెంట్రల్ పార్కులో ఏడాదికి సగటున 30 అంగుళాల మంచు పడటం రివాజు. 2022-23 శీతాకాలం మొత్తానికి పడింది 2.3 అంగుళాలు. అక్కడ మంచు లెక్కలు రాయటం మొదలైన 1869 నుంచీ అంత తక్కువ పడిన శీతాకాలం లేదు. 2022 ఫిబ్రవరి మొదలు 2024 జనవరి దాకా 701 రోజులపాటు ఏ ఒక్కరోజునా ఆ పార్కులో అంగుళం మంచు పడలేదు. సరిగ్గా ఆ కాలంలోనే ఈ అమ్మాయి జోళ్ళు కొన్నది. ఒక శీతాకాలమంతా అవి గోడకు వేలాడినాయి. “మాస్టారూ, వాన లేని ఊళ్ళో గొడుగు కొన్నట్టుంది నా పని” అని తనే నవ్వుకుంటూ రాసింది.

ఈ సంగతి చెప్పగానే ఫిజిక్సు మిత్రుడు వెర్రి అన్నాడు. ఏ పరిస్థితిలో పనికివస్తుందో ఆ పరిస్థితే లేనప్పుడు పరికరానికి అర్థమేమిటని అతని వాదం. అర్థశాస్త్రం చెప్పే మిత్రుడు ఇది ఉన్నవాళ్ళ ఊసుపోక అని కొట్టిపారేశాడు. ఎవరికీ పనికిరాని పనికి కాలం, డబ్బూ ఖర్చుపెట్టి చూపించటమే పై తరగతివారి గొప్ప అని 1899లోనే వెబ్లెన్ రాశాడని గుర్తుచేశాడు. కొత్తగా చేరిన చరిత్ర లెక్చరరు మాత్రం, ఎనిమిది గంటలు అమ్ముకున్న మనిషి మిగిలిన గంటలతో ఏం చేసుకుంటే మనకెందుకు, అది ఆమె హక్కు అన్నాడు.

తీర్పు చెప్పేముందు వస్తువు చరిత్ర చూడటం మనం నేర్చుకున్న పద్ధతి. మంచుజోడు చరిత్ర పొడుగాటిది. ఇటలీ, ఆస్ట్రియాల సరిహద్దున ఆల్ప్స్ పర్వతాలలో, మూడువేల మీటర్లకు పైబడిన ఎత్తున, 2003లో ఒక మంచుజోడు దొరికింది. బర్చి కొమ్మను గుండ్రంగా వంచి, అడ్డంగా తాళ్ళు బిగించి చేసినది. అది దాదాపు 5,800 ఏళ్ళనాటిదని పరీక్షలలో తేలింది. ఆ కాలంలో అంత ఎత్తుకు సరదా కోసం ఎక్కినవాడి జోడని నేననుకోను.

ఈ పనిముట్టుకు పరిపూర్ణరూపం ఇచ్చింది మాత్రం ఉత్తర అమెరికా ఆదివాసులే. క్రీ, ఒజిబ్వే, ఇన్నూ, హ్యూరన్ మొదలైన జాతులు తమ తమ నేలను బట్టి తమ తమ ఆకారాలు రూపొందించుకున్నాయి. దట్టమైన అడవిలో తిరగటానికి ఎలుగుబంటి పాదంలాగా పొట్టిగా గుండ్రంగా ఉండేది. బయలు ప్రదేశాలలో బారుగా, ముందు కొస పైకి లేచి ఉండేది. తెల్ల యాష్ కర్రను ఆవిరిపట్టి వంచి చట్రం చేసేవారు. కారిబూ, మూస్ వంటి జింకజాతి జంతువుల పచ్చితోలును సన్నని వారులుగా కోసి వల అల్లేవారు. చట్రం సాధారణంగా మగవాళ్ళు వంచేవారు. వల ఆడవాళ్ళు అల్లేవారు. ఆ వల కన్నులు మరీ పెద్దవైతే మంచు మొయ్యదు, మరీ చిన్నవైతే పైన పేరుకున్న మంచు రాలిపోదు. అంత లెక్క ఆ వేళ్ళకు తెలిసి ఉండేది. 1670లో పట్టా పుచ్చుకున్న హడ్సన్ బే కంపెనీ ఉన్నిబొచ్చుల వ్యాపారమంతా ఈ జోళ్ళ మీదనే నడిచింది. సామ్యూల్ హెర్న్ అనే కంపెనీ ఉద్యోగి 1770-72 మధ్య ఆర్కిటిక్ సముద్రం దాకా నడిచివెళ్ళినందుకు చరిత్రకెక్కాడు. అంతకుముందు అతను చేసిన ప్రయత్నాలు విఫలం కావటానికి కారణం వెంట ఆడవాళ్ళను తీసుకుపోకపోవటమేనని అతనికి దారిచూపిన ఆదివాసి నాయకుడు మటోనబీ తేల్చి చెప్పాడు. బరువులు మొయ్యటం, తోళ్ళు సాపుచెయ్యటం, జోళ్ళకు వల అల్లటం - ఇవి లేకుండా ఆ యాత్ర లేదు. హెర్న్ నిజాయితీగా ఈ మాట రాసిపెట్టాడు గనక మనకు తెలిసింది.

ఇంతవరకూ మంచుజోడు శ్రమకు సంబంధించిన వస్తువు. అది ఆటవస్తువుగా మారిన స్థలమూ కాలమూ కూడా మనకు తెలుసు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో 1840 ప్రాంతంలో కొందరు ఇంగ్లీషు వర్తకులూ ఉద్యోగులూ సరదాగా కలిసి నడవటం మొదలుపెట్టి, 1843లో మాంట్రియల్ స్నోషూ క్లబ్బుగా ఏర్పడినారు. నీలం ఉన్ని కుచ్చుటోపీ, కంబళితో కుట్టిన కోటు, నడుముకు రంగుల పట్టీ వారి వేషం. సాయంత్రాలు మౌంట్ రాయల్ కొండ ఎక్కి దిగి, అవతల పూటకూటింట్లో విందు చేసుకుని, పాటలు పాడుకుంటూ తిరిగి వచ్చేవారు. 1883లో ఆ నగరంలో కట్టిన మంచుకోటను ఈ క్లబ్బులవాళ్ళు కాగడాలు పట్టుకుని ముట్టడించే తమాషా చూడటానికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చారు.

ఇందులో తప్పేమున్నది? ఇంతవరకు ఏమీ లేదు. ఇక్కడే కాస్త ఆగి చూడాలి. ఈ క్లబ్బులు పరుగుపందేలు కూడా పెట్టేవి. ఆ పందేలలో ఆదివాసులను విడిగా, డబ్బు బహుమానాలకు పరుగెత్తించేవారు. వాళ్ళు పెద్దమనుషులకన్నా వేగంగా పరుగెత్తటం ప్రేక్షకులకు వినోదం, పెద్దమనుషులకు ఇబ్బంది. ఆ ఇబ్బందికి పరిష్కారం నియమావళిలో దొరికింది. 1873లో మాంట్రియల్ పెడెస్ట్రియన్ క్లబ్బు అమెచ్యూరు ఆటగాడంటే ఎవరో నిర్వచించింది. డబ్బుకోసం పోటీ పడనివాడు, ఆట నేర్పి బతకనివాడు, అక్కడితో ఆగలేదు. కూలివాడు కాకూడదు, ఇండియను కాకూడదు అని కూడా రాసుకున్నది. ఆ క్లబ్బు నడకపందేలది. కాని ఆ నగరపు ఆటలన్నిటి మీదా ఆవరించి ఉన్న భావం ఏమిటో ఆ ఒక్క వాక్యం చెపుతుంది. ఎవరి శ్రమలోంచి ఈ ఆట పుట్టిందో వారికి ఆటలో చోటు లేదు. చట్రం వంచినవాడు కూలివాడు, వల అల్లినది ఇండియను, ఇద్దరూ అనర్హులు. మూడేళ్ళ తరవాత, 1876లో, కెనడా ప్రభుత్వం ఇండియన్ చట్టం చేసి ఆదివాసుల జీవితాన్ని అడుగడుగునా తన చేతిలోకి తీసుకున్నది. నీలం టోపీలవారు ఆదివాసుల జోళ్ళు కట్టుకుని కొండెక్కుతున్న రోజులే అవి.

అందుచేత ‘అవసరం ఆటగా మారటం’ అన్నమాటను మనం అమాయకంగా వాడటానికి వీల్లేదు. ఎవరి అవసరం ఎవరి ఆటగా మారింది అని అడగాలి.

ఆట ముందా, శ్రమ ముందా అన్న వాదం మన పాఠకులకు కొత్త కాదు. కార్ల్ బ్యూషర్ అనే జర్మన్ పండితుడు ఆటే పురాతనమనీ, శ్రమ దాని తరవాత వచ్చిందనీ అన్నాడు. ప్లెహనోవ్ తన కళావ్యాసాలలో దీన్ని ఖండించి, సమాజచరిత్రలో శ్రమే ముందనీ, వేటనృత్యం వేట తరవాతనే పుడుతుందనీ నిరూపించాడు. మంచుజోడు ప్లెహనోవ్ పక్షాన సాక్ష్యం చెపుతుంది. కాని ప్లెహనోవ్ ఆగినచోట మనకు ఇంకొక ప్రశ్న మిగులుతుంది. తల్లి చచ్చిపోయిన తరవాత బిడ్డ సంగతేమిటి? శ్రమ అంతరించిన తరవాత కూడా దానిలోంచి పుట్టిన ఆట బతకటం న్యాయమేనా?

మనవైపు ఉదాహరణే చూడండి. ఒంగోలు ఎడ్లు దుక్కి దున్నటం దాదాపు పోయింది, ఆ పని ట్రాక్టరు చేస్తున్నది. బండలాగుడు పందేలు మాత్రం పోలేదు. దున్నే ఎద్దుకు ఏనాడూ దొరకని మేత పందెపు ఎద్దుకు దొరుకుతున్నది. ఆ ఎద్దును పొలంలోకి దింపరు. దీన్ని చూసి భూస్వామ్య అవశేషమని ఒక్కమాటలో తేల్చేవాళ్ళున్నారు. పందెం చుట్టూ చేరిన పెత్తనం సంగతి అది నిజమే. కాని గట్టున నిలబడి, ఆ బండ కదిలిన క్షణాన ఒళ్ళు మరచి కేక పెట్టే పాలేరు మనసులో ఉన్నది భూస్వామ్యమేనా? నాకు నమ్మకం లేదు. తనో, తన తండ్రో చేసిన శ్రమలోని ఒడుపు, కడుపుకోసం కాక కేవలం ఒడుపుగానే కనపడటంలో ఒక ఆనందం ఉన్నది. బతుకు కోసం చేసినప్పుడు ఆ అందాన్ని చూసుకునే తీరిక వాడికి ఎవరిచ్చారు?

మార్క్స్, ఎంగెల్సులు 1845-46లో రాసి, 1932 దాకా పూర్తిగా అచ్చుకు నోచుకోని ‘జర్మన్ భావజాలం’లో భావిసమాజపు మనిషిని గురించి ఒక ప్రసిద్ధమైన చోటు ఉన్నది. వేటగాడు కాకుండానే పొద్దున వేటాడవచ్చు, జాలరి కాకుండానే మధ్యాహ్నం చేపలు పట్టవచ్చు అన్న భావం అక్కడ వస్తుంది. అక్కడ ఎంచుకున్న ఉదాహరణలను గమనించండి. వేట, చేపలు పట్టటం, పశువుల కాపు. అన్నీ ఒకప్పటి బతుకుతెరువులే. బతుకుతెరువు అనే సంకెల ఊడిన తరవాత అదే పని మనిషికి స్వేచ్ఛగా మిగులుతుందని కదా దాని అర్థం. ఆ లెక్కన, బతకటానికి అవసరం లేకుండా మంచులో నడిచే మనిషిలో విలాసం మాత్రమే చూడటం మనకు తగదు. రాబోయే మనిషి పోలిక కూడా ఆమెలో లీలగా ఉన్నది. వెబ్లెన్‌ను ఉదాహరించిన మిత్రునికి నా సమాధానమిదే. పనికిరాని పనులన్నీ పై తరగతివారివే అని ఒప్పుకుంటే, కిందివారికి పనికివచ్చే పనులు తప్ప ఏమీ మిగలవు. అది మనం కోరుకునే న్యాయం కాదు.

శ్రామికోద్యమం కూడా ఎన్నడూ అట్లా కోరలేదు. 1895లో వియన్నాలో సోషలిస్టులు ‘ప్రకృతి మిత్రులు’ అనే సంఘం పెట్టారు. కార్మికులను కొండలకు తీసుకుపోవటం, వాళ్ళు తలదాచుకోవటానికి కొండల్లో గుడిసెలు కట్టటం దాని పని. డబ్బున్నవారి పర్వతారోహణ క్లబ్బులకు అది జవాబు. హిట్లరు అధికారానికి రాగానే 1933లో జర్మనీలో దాన్ని నిషేధించాడు. నడకసంఘాన్ని చూసి ఫాసిస్టు భయపడ్డాడంటే నడకలో ఏదో ఉండి ఉండాలి. 1925లో ష్రైబర్‌హౌలో కార్మికుల శీతాకాలపు ఒలింపియాడు జరిగింది. 1932 ఏప్రిల్ 24న ఇంగ్లండులో, దొరలు పక్షుల వేటకోసం కంచెవేసుకున్న కిండర్ స్కౌట్ కొండమీదికి మాంచెస్టరు వైపు కార్మిక యువకులు వందలమంది కలిసి నడిచారు. నాయకుడు బెన్నీ రోత్‌మన్ అనే యువ కమ్యూనిస్టు. అయిదుగురికి జైలుశిక్ష పడింది. వాళ్ళడిగింది కూలి పెంపు కాదు, ఆదివారం నాడు కొండమీద నడిచే హక్కు. 1936లో ఫ్రాన్సులో పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం రెండు వారాల జీతపు సెలవును చట్టం చేస్తే, లక్షలాది కార్మికులు సముద్రాన్ని మొదటిసారి చూశారు.

ఇప్పుడు మంచు కరువు ఉన్నచోటికి తిరిగి వద్దాం. ఆ కరువు ఒక సంగతిని బయటపెడుతుంది. మంచు పుష్కలంగా పడే ఊళ్ళో ఆ సంగతి కంటపడదు.

మంచు నాలుగునెలలు నిలిచే ఊళ్ళో ఎప్పుడు నడవాలో మనిషి నిర్ణయించుకుంటాడు. ఆదివారం దాకా ఆగినా మంచు ఎక్కడికీ పోదు. మంచు ఏడాదికి రెండుమూడుసార్లు పడి, మర్నాటికి కరిగిపోయే ఊళ్ళో ఎప్పుడు నడవాలో మంచు నిర్ణయిస్తుంది. అది సెలవు చూసుకుని పడదు. 2024 ఫిబ్రవరి 13న న్యూజెర్సీ ఉత్తరభాగాన మంచు బాగానే పడింది. ఆ రోజు మంగళవారం. ఆ అమ్మాయి రాసిన వివరమిది. తెల్లవారి కిటికీ తెరలు తీస్తే వీధి వీధంతా తెల్లగా ఉన్నది. పదికి మీటింగు, మళ్ళీ పన్నెండున్నరకు మీటింగు, రెండింటికి మన దేశంలోని ఆఫీసు వాళ్ళతో కాదు, ఇంకెక్కడివాళ్ళతోనో మాట్లాడాలి. రోడ్లు బాగాలేవు గనక ఇంటినుంచే పని చెయ్యమన్నారు, పని మానమనలేదు. మూడున్నరకు జోళ్ళు తీసుకుని దగ్గరలో ఉన్న పార్కుకు పోయేసరికి మంచు నీరుకారి బూటు మునిగే చిత్తడిగా ఉన్నది. కిటికీలోంచి ఆ రోజల్లా ఆమెకు కనపడిన మనుషులు నలుగురు. స్పానిష్ మాట్లాడే కూలీలు, పారలతో కాలిబాటలు చెక్కుతూ. మంచులో రోజల్లా గడిపింది వాళ్ళే.

ఈ దృశ్యంలో మాంట్రియల్ నియమావళి మళ్ళీ కనపడుతుంది. ఇప్పుడు దాన్ని ఎవరూ కాగితం మీద రాయరు, రాయనక్కరలేదు. మంచు పడిన రోజు ఎవరి రోజో వాళ్ళే ఆటగాళ్ళు. కూలివాడికి ఆ రోజు శ్రమ ఇంకా పెరుగుతుంది. ఉద్యోగస్థురాలికి అది కిటికీ అద్దం అవతల ఉంటుంది. ఎప్పుడంటే అప్పుడు తాళం చెవులు తీసుకుని బయలుదేరగలవాడు, తన రోజుకు తానే యజమాని అయినవాడు, వాడొక్కడే మంచు కరిగేలోగా దాన్ని అందుకుంటాడు. అమెరికాలో ఉద్యోగులకు జీతంతో సెలవు ఇచ్చి తీరాలన్న జాతీయచట్టం 2024 నాటికి కూడా లేదు. అది యజమాని దయ, లేదా బేరం. ఫ్రాన్సు కార్మికులు 1936లో సాధించినది అక్కడ ఇంకా సాధించవలసే ఉన్నది.

కనక ఆమెకు కరువైనది మంచేనా? 701 రోజులు మంచు కరువు, నిజమే. 702వ రోజున కరువైనది తీరుబడి. స్వేచ్ఛకు పునాది పనిదినం తగ్గటమేనని ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో మార్క్స్ చెప్పినది ఎంత గద్యమయంగా, ఎంత కచ్చితంగా ఉన్నదో నాకు ఈ ఉత్తరం చదివినప్పుడు తెలిసివచ్చింది. చరిత్ర లెక్చరరు చెప్పిన హక్కు మంచిదే, కాని ఆయన దాన్ని ఆమె మిగులు గంటల్లో పెట్టాడు. మంచు ఆ గంటల్లో పడదు.

తెలుగువాళ్ళకు మంచుతో ఉన్న సంబంధం మాటలోనే తెలుస్తుంది. గడ్డి మీద బిందువు మంచు, పొద్దున్నే కమ్మేసే పొగ మంచు, ఆకాశంనుంచి దూదిలాగా రాలేది మంచు, గ్లాసులో వేసుకునే గడ్డ కూడా మంచే. లంబసింగికి మంచు చూడటానికి పోయేవారు చాలావరకు చూసి వచ్చేది పొగమంచునే. తుషారం, తుహినం, నీహారం, ప్రాలేయం అని నిఘంటువు పేర్లు వల్లించిన కవులలో అసలు మంచును తొక్కినవారు అరుదు. ఆ కవుల సృష్టిలో మంచుకొండ చూడటానికి సరదాపడి బయలుదేరిన గృహస్థు పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు. ఆయనకు మంచుజోళ్ళు కూడా ఉన్నాయి. సిద్ధుడిచ్చిన పాదలేపం అదే. పొద్దున బయలుదేరి, హిమాలయం చూసుకుని, మధ్యాహ్నం అనుష్ఠానం వేళకు ఇల్లు చేరాలని ఆయన పథకం. రోజు పోకూడదు, మంచు కావాలి. ఎండకు మంచు కరిగి ఆ నీళ్ళకు పాదలేపం కొట్టుకుపోవటంతో ఆ పథకం తలకిందులైంది. వరూధిని సంగతి అందరూ మాట్లాడుకుంటారు. నాకు ఆ పూసుకున్న పసరు సంగతే ఎక్కువ ఆసక్తి. శ్రమ లేకుండా దూరాన్ని, కాలాన్ని జయించాలన్న కోరికను మంచు కరిగి కరిగించింది.

ప్రవరుడి కోరికకు ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. 1949-50 శీతాకాలంలో అమెరికాలోని కనెక్టికట్‌లో మంచు సరిగా పడలేదు. స్కీలు తయారుచేసే ఒక చిన్న కంపెనీవారికి సరుకు అమ్ముడుపోలేదు. వాళ్ళు రంగులు చల్లే కంప్రెసరుకు తోట గొట్టం తగిలించి, గడ్డకట్టే చలిలో నీటిని తుంపరగా చిమ్మి మంచు చేశారు. 1950లో పుట్టిన ఆ యంత్రమే నేటి మంచు ఫిరంగులకు తాత. సరుకు అమ్ముడుపోవటానికి ప్రకృతిని తయారుచెయ్యవలసివచ్చింది. పెట్టుబడి నడకను ఇంతకన్నా తేటగా చెప్పే కథ కల్పించటం కష్టం. 2022లో బీజింగు శీతాకాలపు ఒలింపిక్సు దాదాపు పూర్తిగా ఇట్లాంటి మంచుమీదనే జరిగినాయి. ఘనమీటరు యంత్రపు మంచుకు నాలుగయిదువందల లీటర్ల నీరు పడుతుంది, దాన్ని ఎత్తిపోసే విద్యుత్తు వేరే. దుబాయిలో 2005 నుంచి ఒక అంగడిభవనం లోపల సున్నా కంటె తక్కువ చలిలో మంచుకొండ నడుస్తున్నది. అదే దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటలవరకూ ఆరుబయట ఎండలో పని చేయించరాదని నిబంధన పెట్టవలసినంత ఎండ. ఆ ఎండలో నిలబడేవారిలో జగిత్యాల, నిజామాబాదు జిల్లాల మనుషులున్నారు. ఆ గోడకు ఇటు మంచు, అటు వాళ్ళు. అక్కడ మంచుజోళ్ళు కట్టుకునేవాడి సరదాను నేను సమర్థించలేను. వాడి చల్లదనపు వేడి వాళ్ళ మీద పడుతున్నది.

మన అమ్మాయి ముందున్న దారి అంత ఘోరమైనది కాదు గాని, అదీ చిక్కులేనిది కాదు. అయిదారు గంటలు కారు నడిపి ఉత్తరాన వెర్మాంటుకు పోతే మంచు దొరుకుతుంది. ఆమె ఒకసారి వెళ్ళివచ్చింది. కారు వదిలే పొగ మంచును ఇంకాస్త ఉత్తరానికి జరుపుతుందని ఆమెకు తెలుసు, ఆ మాటా రాసింది. అయితే ఈ పాపాన్ని ఒక మనిషి, ఒక కారు లెక్కన చూడటం, మొత్తం పరిశ్రమల పొగగొట్టాలను వదిలేసి ఆమె జోళ్ళమీద విచారణ జరపటం నాకు సబబుగా తోచదు. ఏడాదికొకసారి వెళ్ళటానికీ ప్రతి శనివారం వెళ్ళటానికీ తేడా ఉన్నది. తన ఊళ్ళో మంచు పడేదాకా కనిపెట్టుకుని ఉండటానికీ, మంచును పిలిపించుకోవటానికీ ఉన్న తేడా ఇంకా పెద్దది. కనిపెట్టుకుని ఉండేవాడు రైతు వానకు ఎదురుచూసినట్టు ఎదురుచూస్తాడు. రైతుకు వాన ప్రాణావసరం, వాడికి మంచు కాదు. అయినా ఆకాశం వైపు చూసే ఆ అలవాటు వాడికీ అబ్బుతుంది. వెర్రి అన్న మిత్రుడు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. గోడకు వేలాడుతున్న ఆ జోళ్ళు, మంచు పడటంలేదన్న సంగతిని రోజూ ఆమెకు చెపుతూ ఉంటాయి. పత్రికలో అంకెలు చదివి మరచిపోయే మాకన్నా ఆమెకు ఆ కరువు ఒంటికి తెలుస్తున్నది.

మంచు అసలే లేకుండా కూడా ఈ ఆట ఆడేవాళ్ళున్నారని ఆమె ద్వారానే తెలుసుకున్నాను. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ టోమహాక్ అని ఒక చిన్న ఊరు. అక్కడ 1961 నుంచి, నడివేసవిలో, మంచుజోళ్ళు కట్టుకుని బేస్‌బాల్ ఆడుతున్నారు. మైదానమంతా రంపపుపొట్టు పోస్తారు. ఆ జోళ్ళతో పరుగెత్తబోయి ఆటగాళ్ళు ఆ పొట్టులో దబదబా పడుతుంటే ఊరూ, వచ్చిన యాత్రికులూ నవ్వుతారు. మంచు చేసే యంత్రం లేదు, టిక్కెట్టు లేదు. తోచినవారు తోచినంత ఇస్తారు, ఊరివాళ్ళు ఇంట్లో చేసిన తీపి పైలు అమ్ముతారు. ఆట సోమవారం సాయంత్రం, పనివేళలు ముగిసిన తరవాత మొదలవుతుంది.